పుట్టి ధాన్యం కన్నా తేలిగ్గా: రిటైరయ్యాక క్యాంపింగ్ ట్రైలర్ మనమే కట్టుకోవడం ఎలా

నెల్లూరు లెక్కలో పుట్టి ధాన్యం అంటే 850 కిలోలు. కారు వెనక తగిలించుకుని, ఇద్దరు పడుకునేలా, వెనకవైపు వంటగట్టు ఉండేలా మీరు కట్టబోయే ట్రైలర్ నీళ్లు, గ్యాస్, దుప్పట్లతో సహా ముప్పాతిక పుట్టి లోపే తూగాలి. నేనైతే 600 కిలోలు గీత గీసుకోమంటాను. ఆ గీత పెట్టుకున్నాక ఎంత మందం ప్లైవుడ్, ఏ సైజు బాక్స్ పైపు, ఏసీ పెట్టాలా వద్దా అన్న చర్చలు చాలావరకు వాటంతట అవే తెగిపోతాయి.

ఉద్యోగంలో ఉండి ఇలాంటి పని పెట్టుకున్నవాళ్లు ఆదివారాలు దొరక్క, దొరికినరోజు తొందరపడి, బరువుగా కట్టేస్తారు. రిటైరైన మనకు తూకం వేసుకునే తీరిక ఉంది. ప్రతి చెక్కముక్కనూ కాటా మీద పెట్టి, పుస్తకంలో రాసుకుని, తర్వాతే బిగించవచ్చు. మనకున్న అసలు పనిముట్టు అదే.

ఇనుము కొనకముందు ఆర్టీవో ఆఫీసు

మోటారు వాహనాల చట్టం, 1988 లెక్కన ట్రైలర్ విడిగా ఒక వాహనం. కారు ఆర్సీ దానికి చెల్లదు. దాని రిజిస్ట్రేషన్ దానిది, ఇన్సూరెన్స్ దానిది. కొత్త బండి రిజిస్ట్రేషన్‌కు ఫారం 20 మనం పెట్టుకునే దరఖాస్తు, ఫారం 21 అమ్మినవాళ్లిచ్చే పత్రం, ఫారం 22 తయారీదారు ఇచ్చే భద్రతా ధ్రువపత్రం. మొదటిది మన చేతిలో పని. ఇంటి పెరట్లో అతికించిన చాసీకి (కింది ఇనుప చట్రానికి) మూడోది ఎవరిస్తారన్న దగ్గరే చిక్కంతా ఉంది.

అందుకని నా సలహా: ఆమోదం పొందిన ట్రైలర్లు తయారుచేసే కంపెనీ దగ్గర కాగితాలతో సహా చాసీ కొనండి. పైన పెట్టె మీరు కట్టుకోండి. బాడీ వేరేచోట కట్టే బండ్లకు ఫారం 22-ఎ అని విడిగా ఉంది. రిజిస్టరైన బండి రూపం తర్వాత మార్చాలంటే అదే చట్టంలో 52వ సెక్షన్ అడ్డం వస్తుంది కాబట్టి పెట్టె బొమ్మ, కొలతలు, మొత్తం బరువు ముందే కాగితం మీద ఉండాలి. ఆ బొమ్మ పట్టుకుని నెల్లూరులోనో ఒంగోలులోనో మీ ఆర్టీవో ఆఫీసుకు వెళ్లి, ఏ కాగితాలుంటే రిజిస్టర్ చేస్తారో, ఏ వర్గం కింద రాస్తారో అడగండి. జవాబు విన్నాకే డబ్బు తీయండి.

“ఊళ్లో ట్రాక్టర్ ట్రక్కులు కాగితాల్లేకుండా తిరగడం లేదా” అని ఎవరో ఒకరు తప్పక అంటారు. తిరుగుతాయి. జాతీయ రహదారి 16 మీద ఎవరికైనా తగిలిన రోజు ఆ మాట అన్నాయన మన పక్కన నిలబడడు.

ఇంకో కాగితం మీ కారులోనే ఉంది. ఓనర్స్ మాన్యువల్ తీసి, ట్రైలర్ లాగడం గురించి ఏం రాశారో చదవండి. కొన్ని చిన్నకార్లకు అసలు లాగొద్దనే రాసి ఉంటుంది. లాగొచ్చు అని ఉన్నా, బ్రేకుల్లేని ట్రైలర్‌కు ఒక బరువు, బ్రేకులున్నదానికి ఒక బరువు ఇస్తారు. మీ 600 కిలోలు అందులో ఇమడకపోతే గీతను కిందికి దించాలి, లేదా కారు మార్చాలి.

బరువు పుస్తకం

ఒక నోటుబుక్కులో మూడు గడులు గీయండి: వస్తువు, బరువు, ముందున్న కొక్కెం నుంచి దాని దూరం. మూడో గడి ఎందుకో తర్వాత చెబుతాను. ఎనిమిదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు పెట్టెకు నా అంచనా ఇలా ఉంటుంది.

- చాసీ బాక్స్ పైపు: 70 కిలోలు
- యాక్సిల్, కమాన్ పట్టీలు (కుదుపు ఆపే ఉక్కు స్ప్రింగు పట్టీలు), హబ్బులు: 60
- స్టెప్నీతో కలిపి మూడు చక్రాలు: 45
- కప్లర్ (కారుకు తగిలించే కొక్కెం), ముందు జాకీ చక్రం, మూలల స్టాండ్లు: 25
- నేల, గోడలు, పైకప్పు: 115
- ఫైబర్ పూత, రంగు, తలుపులు, కిటికీలు: 40
- అరలు, వంటగట్టు: 40
- పరుపు: 20
- బ్యాటరీ, సోలార్ ప్యానెల్, వైర్లు: 25
- పొయ్యి, సిలిండర్, గిన్నెలు: 30
- నీళ్లు: 40
- బట్టలు, కుర్చీలు, టార్పాలిన్: 45

మొత్తం 555. మిగిలిన 45 కిలోలు మన మరుపుకు. స్క్రూలు, జిగురు, అద్దాలు, ఆవిడ పెట్టించే ఊరగాయ జాడీలు అన్నీ అందులోంచే పోతాయి.

చిన్న తూకాలకు ఇంట్లో బరువు చూసుకునే మిషన్ చాలు. పెద్దవాటికి పాత ఇనుము కొనే షాపులో ప్లాట్‌ఫాం కాటా. లారీల వేబ్రిడ్జి చివర్లో మొత్తం బరువు చూడటానికి పనికొస్తుందిగానీ పది, ఇరవై కిలోల తేడాలు అక్కడ తేలవు. ఇనుము కిలోల లెక్కన కొంటాం కాబట్టి ఈ పుస్తకమే ఖర్చు పుస్తకం కూడా అవుతుంది.

మన మోకాళ్లకు తగ్గ కొలతలు

దొరికే నమూనాలు చాలావరకు ముప్పయ్యేళ్లవాళ్ల కోసం గీసినవి. చిన్న తలుపులోంచి పాక్కుంటూ దూరాలి. మనకు కుదరదు. పరుపు పైభాగం నేల నుంచి 550 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండేలా చూసుకోండి. బయట నిలబడి, వెనక్కి తిరిగి, పరుపు అంచున కూర్చుని, కాళ్లు లోపలికి తీసుకుంటే సరి. కుర్చీ కన్నా కాస్త ఎత్తు ఉంటే లేచేటప్పుడు మోకాళ్లకు సుఖం.

తలుపు కనీసం 750 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలి, అడుగుభాగం పరుపు మట్టానికి రావాలి. రెండువైపులా తలుపులు పెట్టండి. రాత్రి ఒకటికి రెండుసార్లు లేవాల్సిన వయసులో, పక్కమనిషిని దాటుకుంటూ బయటికి రావడం ఇద్దరి నిద్రకూ చేటు. తలుపు పక్కన లోపల ఒక స్టీలు పట్టుకొమ్మ, కాళ్లు పెట్టేచోట చిన్న ఎల్ఈడీ లైటు ఉంటే మేలు.

ఎనిమిదడుగుల పొడవులో ఆరడుగుల నాలుగంగుళాలు మంచానికి, మిగతా ఇరవై అంగుళాలు వెనక వంటగట్టుకు. గోడల ఎత్తు నాలుగడుగులు పెట్టుకుంటే ఒక్కో గోడ ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ షీట్‌లో అతుకు లేకుండా వస్తుంది.

చాసీ, యాక్సిల్

చాసీ కొన్నా, ఆమోదం ఖాయమయ్యాక ఆటోనగర్‌లో చేయించినా, ఈ లెక్క మీకు తెలిసుండాలి. అడ్డపట్టీలు, ముందు కొక్కెం కాళ్లు కలిపి సుమారు 16 మీటర్ల పైపు పడుతుంది. 50 బై 50, 3 మిల్లీమీటర్ల మందం బాక్స్ పైపు మీటరుకు 4 కిలోల పైచిలుకు. మన వెల్డర్లకు ట్రాక్టర్ ట్రక్కులు చేసిన చెయ్యి. ఏది అడిగినా “ఛానల్ వేద్దాం సార్, గట్టిగా ఉంటది” అంటారు. వినకండి. అది వరి బస్తాలు మోయడానికి. వెల్డింగ్ మాత్రం వాళ్లకే వదిలేయండి, ముఖ్యంగా కంటి శుక్లాల ఆపరేషన్ అయినవాళ్లు ఆ వెలుగు దగ్గరికే పోవద్దు.

కొక్కెం కాళ్లు రెండు, ముందు ఒకదానికొకటి చేరి త్రికోణంలా రావాలి. ఒంటి పైపు మీద బరువంతా వేలాడదీయకండి. ఆ కాళ్లు చాసీ ముందు పట్టీ దగ్గరే ఆగిపోకుండా, కిందుగా రెండో అడ్డపట్టీ దాకా వెళ్లి అక్కడ కూడా అతకాలి. విరిగే చోటు ఎప్పుడూ ఆ ముందు పట్టీయే.

ఇప్పుడు మూడో గడి పని. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందు కొక్కెం మీద పడాలి. అంతకన్నా తగ్గితే, వెనక బరువై, వేగం పెరిగినప్పుడు ట్రైలర్ అటూఇటూ ఊగడం మొదలెడుతుంది. ఆ ఊపు కారునే తిప్పేయగలదు. మరీ ఎక్కువైతే కారు వెనకభాగం కుంగి, ముందు చక్రాలకు పట్టు తగ్గుతుంది, హెడ్‌లైట్లు ఆకాశం చూస్తాయి.

లెక్క ఇది. ప్రతి వస్తువు బరువునూ దాని దూరంతో గుణించి, అన్నీ కూడి, మొత్తం బరువుతో భాగిస్తే బరువు కేంద్రం కొక్కెం నుంచి ఎంత దూరంలో ఉందో వస్తుంది. యాక్సిల్ దానికి కాస్త వెనక ఉండాలి. కొక్కెం నుంచి యాక్సిల్ 2600 మిల్లీమీటర్లు, బరువు కేంద్రం యాక్సిల్‌కు 280 మిల్లీమీటర్లు ముందు అనుకుందాం. 600ని 280తో గుణించి 2600తో భాగిస్తే సుమారు 65 కిలోలు. అంటే 11 శాతం. చక్కగా సరిపోయింది.

వెనక వంటగట్టు ఈ లెక్కను పాడుచేస్తుంది. సిలిండర్, గిన్నెలు, నీళ్ల క్యాన్లు అన్నీ వెనకే పెడితే ముందు బరువు ఎగిరిపోతుంది. నీళ్లు యాక్సిల్ మీదికి, బ్యాటరీ ముందుకు జరపండి. యాక్సిల్ చోటు మొదట్లోనే శాశ్వతంగా అతికించేయొద్దు. కమాన్ పట్టీల బ్రాకెట్లను ఒక యాంగ్లర్ ముక్కకు అతికించి, ఆ యాంగ్లర్‌ను చాసీకి వరస రంధ్రాలతో బోల్టులు వేస్తే, పెట్టె పూర్తయ్యాక రెండంగుళాలు అటూఇటూ జరుపుకోవచ్చు. చాసీ కొంటున్నా ఈ ఏర్పాటు అడగండి. పైపుకు రంధ్రం వేసిన ప్రతిచోటా లోపల గొట్టంముక్క పెట్టి అతికించాలి, లేకపోతే బోల్టు బిగిస్తుంటే పైపు నలిగిపోతుంది.

కమాన్ పట్టీలు రెండూ కలిపి 650, 700 కిలోలు మోసేలా ఉంటే చాలు. రెండు టన్నులు మోసేవి పెడితే లోపల గాజుసామాను మిగలదు. చక్రాలు మాత్రం కారు చక్రాల సైజువే, అవే బోల్టు రంధ్రాలతో ఉండేలా చూడండి. స్టెప్నీ రెండింటికీ పనికొస్తుంది. హబ్బుల్లో గ్రీజు కొత్తది వేయించి, సీళ్లు మార్పించండి. 

బ్రేకుల విషయంలో యూరప్‌లో 750 కిలోల లోపు ట్రైలర్లకు బ్రేకుల్లేకుండా వదిలేస్తారు. అది అక్కడి నియమం, మన కారు మాన్యువల్ అంతకన్నా తక్కువ చెబితే దాన్నే పాటించాలి. కారు వెనక ట్రైలర్ తగిలించే 50 మిల్లీమీటర్ల ఇనుప బంతి, ట్రైలర్‌కు దానికి సరిపడే కప్లర్, వాటి కింద రెండు గొలుసులు అడ్డంగా మెలిపడేలా. బంతి నుంచి కప్లర్ ఊడినా కొక్కెం రోడ్డును గుచ్చకుండా ఆ మెలిలో పడుతుంది.

పెట్టె: ప్లైవుడ్‌కు పడవ తొడుగు

మన తీరంలో ఉప్పుగాలి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన, మేలో నిప్పులు. ఈ మూడూ ఒకే పెట్టె మీద పనిచేస్తాయి. ప్లైవుడ్ కొనేటప్పుడు షీట్ మీద ఐఎస్ 710 ముద్ర చూడండి. అది మెరైన్ రకం. ఐఎస్ 303 ముద్ర ఉన్నది గదిలో బీరువాలకు. 12 మిల్లీమీటర్ల ఎనిమిది బై నాలుగు షీట్ 23 కిలోల దాకా తూగుతుంది. షాపులోనే తూకం వేయించండి, ఒకే ముద్ర ఉన్నవాటిలోనూ తేడా ఉంటుంది.

నేలకు 12 మిల్లీమీటర్లు, గోడలకు 12, పైకప్పుకు బయట 6, లోపల 4. గోడలు రెండింటినీ ఒకదానిమీద ఒకటి బిగించి ఒకేసారి కోయించండి, వంపు తేడా రాదు. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వంగడానికి మొరాయిస్తే రాత్రంతా తడిగుడ్డ కప్పి, పొద్దున తాడుతో మెల్లగా లాగి కట్టి, ఆరాక అతికించాలి.

తొడుగు అల్యూమినియం రేకా, షాపుల బోర్డులకు వాడే ఏసీపీనా అన్న ప్రశ్న అందరికీ వస్తుంది. ఇక్కడికి నేను రెండూ వద్దంటాను. అల్యూమినియానికి ఇనుప స్క్రూ తగిలినచోట ఉప్పుగాలి తగిలితే చుట్టూ తెల్లపొడి రాలడం మొదలవుతుంది. ఏసీపీ మధ్యలో ఉండేది చాలావరకు ప్లాస్టిక్, పక్కనే పొయ్యి. మన సముద్రతీరంలో అంతకన్నా మంచి విద్య ఉంది. కొత్తపట్నం, జువ్వలదిన్నె వైపు పల్లెల్లో ఫైబర్ బోట్లకు గాజునార మాట్ వేసి రెజిన్ (గట్టిపడే జిగురు) పూసేవాళ్లున్నారు. ఉప్పునీళ్లలో ఏళ్లతరబడి తేలే పడవకు చేసే పని మన ట్రైలర్‌కు చెయ్యలేరా? అలాంటి మనిషిని పిలిపించి, దగ్గరుండి నేర్చుకుంటూ చేయించండి.

ప్లైవుడ్‌కు ఎపాక్సీ రెజిన్ బాగా పట్టుకుంటుంది. ఖర్చు తగ్గాలని బోట్లవాళ్లు వాడే పాలియెస్టర్ రెజిన్‌కే వెళ్తే, ముందు పలచగా ఒక పూత పూసి చెక్కలోకి ఇంకనిచ్చి, మాట్ తర్వాత వేయాలి. ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి: పాలియెస్టర్ రెజిన్‌కు కలిపే హార్డ్‌నర్‌నూ, కోబాల్ట్ యాక్సిలరేటర్‌నూ ఎప్పుడూ నేరుగా ఒకదానిలో ఒకటి పోయకూడదు, పేలుతుంది. ఒకటి రెజిన్‌లో పూర్తిగా కలిశాకే రెండోది. మన ఎండల్లో రెజిన్ డబ్బాలోనే బిగుసుకుపోతుంది, తెల్లారుజామున మొదలుపెట్టి ఎండ ఎక్కేలోపు ఆపేయండి. ఆరుబయట చేయండి, ముక్కుకు ఆవిరి ఆపే మాస్కు కట్టుకోండి.

చాసీకి రెడ్ ఆక్సైడ్ ఒక్కటే పూసి ఊరుకోవద్దు. వెల్డింగ్ పెంకు గీకి, జింక్ ప్రైమర్ రెండు చేతులు, పైన ఎనామిల్. పైపుల చివరలు పూర్తిగా మూసి అతికించాలి, లేదా కింద నీరు కారే రంధ్రాలుండాలి. సగం మూసిన పైపును తుప్పు లోపల నుంచి తింటుంది.

గాలి

ఏసీ వద్దు. దాన్ని నడిపే బ్యాటరీ, ఇన్వర్టర్ మోస్తే గీత దాటుతాం. రోహిణి కార్తెలో ఎవరూ క్యాంపింగ్‌కు పోరు. మన కాలం డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా. పైకప్పు రెండు పొరల మధ్య 25 మిల్లీమీటర్ల థర్మోకోల్, బయట తెల్లరంగు, పైన ఫ్యానున్న కిటికీ, గోడల్లో కిందుగా రెండు చిన్న కిటికీలు. వేడిగాలి పైనుంచి పోతుంటే చల్లగాలి కింద నుంచి వస్తుంది. అన్నింటికీ సన్నకన్ను దోమతెర. నెల్లూరు దోమల గురించి కొత్తగా చెప్పేదేముంది.

సోలార్ ప్యానెల్‌ను కప్పుకు అతికించకుండా రెండంగుళాల ఎత్తులో బిగించండి. కింద గాలి ఆడి ప్యానెల్ చల్లగా ఉంటుంది, కప్పుకు నీడ కూడా.

కరెంటు

రాత్రి వాడకం లెక్కేద్దాం. 20 వాట్ల డీసీ ఫ్యాను తొమ్మిది గంటలపాటు తిరిగితే 180, అయిదు వాట్ల లైట్లు మూడింటిని నాలుగు గంటలపాటు వెలిగిస్తే 60, ఫోన్లకు 40. మొత్తం 280 వాట్ అవర్లు. 12 వోల్టుల 40 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 500 దాకా ఉంటుంది. 100 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో రోజుకు 300 పైన ఇస్తుంది. చిన్న డీసీ ఫ్రిజ్ కావాలంటే బ్యాటరీ 100 ఆంపియర్ అవర్లకు పెంచాలి, ప్యానెల్ రెట్టింపవ్వాలి, పుస్తకంలో బరువూ పెరుగుతుంది. మందులకు, ఇన్సులిన్‌కు చల్లదనం అవసరమైతే తప్ప, ఐస్ పెట్టె చాలు.

12 వోల్టుల దగ్గర వైరు సన్నమైతే కరెంటు దారిలోనే ఆవిరవుతుంది. నాలుగు మీటర్ల దూరానికి 10 ఆంపియర్లు పంపితే, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరులో రానూపోనూ అర వోల్టు పైన పోతుంది. 4 చదరపు మిల్లీమీటర్లది వాడండి. ఫ్యూజు బ్యాటరీ ప్లస్ పక్కనే ఉండాలి, అవతలి చివర కాదు.

వంట, నీళ్లు

5 కిలోల సిలిండర్ పడుకునే గదితో సంబంధం లేని వెనక అరలో ఉండాలి. ఎల్పీజీ గాలికన్నా బరువు, కారితే కిందికి దిగుతుంది. అందుకని ఆ అర అడుగున రంధ్రాలు పెట్టాలి. వానొచ్చినా పొయ్యి లోపల వెలిగించొద్దు, చలికి బొగ్గుల కుంపటి అసలే వద్దు. నీళ్లకు 20 లీటర్ల క్యాన్లు రెండు, చిన్న 12 వోల్టుల పంపు.

లైట్లు, మొదటి పరుగు

ఏడు పిన్నుల సాకెట్‌కు రంగుల వరస ఇది: పసుపు ఎడమ ఇండికేటర్, ఆకుపచ్చ కుడి ఇండికేటర్, ఎరుపు బ్రేకు, నలుపు ఎడమ టెయిల్, గోధుమ కుడి టెయిల్, నీలం ఫాగ్ ల్యాంపు, తెలుపు ఎర్త్. ఎర్త్‌ను బంతి మీద వదిలేయకుండా విడిగా వైరు లాగండి. గ్రీజు పూసిన బంతి ఎర్త్ ఇచ్చిన రోజు ఇస్తుంది, ఇవ్వని రోజు ఇవ్వదు. వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు, పక్కల రిఫ్లెక్టివ్ టేపు తప్పనిసరి. రాత్రి లారీవాడికి మనం కనపడాలి.

అన్నీ బిగించాక, బయల్దేరే సామాను అంతా పెట్టి, ఇంట్లో బరువు మిషన్‌ను ఒక స్టూలు మీద ఉంచి, కప్లర్‌ను అసలు ఎత్తులోనే దానిమీద దించండి. 60 నుంచి 90 కిలోల మధ్య చూపిస్తే బండి సిద్ధం. లేకపోతే యాక్సిల్ బోల్టులు విప్పి జరపాల్సిందే, బరువు సర్ది సరిపెట్టుకోవడం ఆఖరి మార్గం.

వెనక్కి తిప్పడం ఖాళీ మైదానంలో నేర్చుకోండి. స్టీరింగ్ అడుగుభాగం పట్టుకుని, చెయ్యి ఎటు జరిపితే ట్రైలర్ అటు పోతుంది. మొదటి 50 కిలోమీటర్ల తర్వాత ఆగి వీల్ నట్లు, యు-బోల్టులు మళ్లీ బిగించాలి. ప్రతి టీ దగ్గరా హబ్బుల మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి ఆనకపోతే బేరింగ్ బిగుతుగా ఉంది. గంటకు 60 కిలోమీటర్లు దాటొద్దు. ఊపు మొదలైతే బ్రేకు నొక్కకుండా, స్టీరింగ్ తిప్పకుండా, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేయండి.

మొదటి ప్రయాణానికి మైపాడు వైపు పోతే ట్రైలర్‌ను ఇసుకలోకి దించకండి. గట్టినేల మీదే ఆపి, చక్రాలకు ముందూవెనకా దుంగలు పెట్టాకే కారు విప్పాలి. సోమశిల, పెంచలకోన దారులు బండి చేతికి అలవాటయ్యాక. తీరం నుంచి తిరిగొచ్చిన సాయంత్రమే మంచినీళ్లతో చాసీ అడుగు, కమాన్ పట్టీలు, బోల్టుల సందులు కడిగి, తలుపులు తెరిచి ఆరబెట్టండి. నెలలపాటు కదలకుండా ఉంచేటప్పుడు చాసీ కింద ఇటుకలు పేర్చి టైర్ల మీద బరువు తీసేసి, బ్యాటరీని సగం ఛార్జితో విప్పి ఇంట్లో పెట్టుకోండి.